కిరాణా దుకాణంలో కనిపించే దేశం: మీరున్న చోట ఏం గమనించారు?

రైన్_తీరం (కొలోన్, జర్మనీ)

అందరికీ నమస్కారం. విదేశాల్లో కిరాణా గురించి మనం రాసుకునేవన్నీ ఎక్కడ ఏం దొరుకుతుంది, మినప్పప్పు ధర ఎంత, గోంగూర ఉందా లేదా అన్న వాటి చుట్టూనే తిరుగుతుంటాయి. అవీ అవసరమే. నేను అడగదలచుకున్నది వేరు. మీరున్న చోట దుకాణంలో అమ్మే మనిషిని, కొనే మనిషిని ఎలా చూస్తారు? ఇక్కడి జనం నాకు పండగల్లో కంటే, సంగ్రహాలయాల్లో కంటే బిల్లు కట్టే వరుసలోనే బాగా అర్థమయ్యారు.

ముందు నేనే మొదలుపెడతాను. జర్మనీ సూపర్ మార్కెట్లో బిల్లు కొట్టేవారు కూర్చుని పని చేస్తారు. వీపుకు ఆనుకునే కుర్చీ ఉంటుంది. సామాను నల్లటి బెల్టు మీద వారి ముందుకు కదిలి వస్తుంది. మన సామాను అయిపోయిన చోట ఒక అడ్డుపట్టీ పెట్టాలి, వెనకవారి సామాను మనదాంట్లో కలవకుండా. బరువైనవి ముందు, గుడ్లు, టమాటాలు చివర పెట్టడం అలవాటు చేసుకోవాలి. ఎందుకంటే సంచిలో సర్దిపెట్టేవారు ఉండరు, వస్తువులు అవతలికి దాటే వేగం చూస్తే కొత్తవారికి చెమటలు పడతాయి. అనుభవం ఉన్నవారు అన్నిటినీ తిరిగి బండిలోకి తోసేసుకుని, డబ్బు కట్టి, కిటికీ పక్కన ఉండే బల్ల దగ్గరకు వెళ్లి తీరిగ్గా సంచులు సర్దుకుంటారు. ఇదంతా చూసి 'మనుషులు మొరటు' అని చాలామంది రాస్తారు. నాకు అలా అనిపించదు. వెనక నిలబడిన నలుగురి సమయాన్ని మనం తినకూడదని ఇక్కడ గట్టిగా నమ్ముతారు.

అమెరికా దుకాణాల సంస్థ వాల్‌మార్ట్ 1997లో ఈ దేశానికి వచ్చింది. గుమ్మం దగ్గర నవ్వుతూ పలకరించే మనిషిని, సామాను సంచిలో పెట్టిచ్చే మనిషిని తమ దేశపు అలవాటు ప్రకారం ఇక్కడా పెట్టింది. జర్మన్లకు అది నచ్చలేదు. అపరిచితుడు పని గట్టుకుని నవ్వితే వారికి ఇబ్బందిగా ఉంటుంది, తాము కొన్న వస్తువులను వేరొకరు ముట్టుకోవడం అంతకన్నా ఇబ్బంది. స్థానిక చౌక దుకాణాల పోటీ, కార్మిక సంఘాలతో తగవులు అసలు దెబ్బ కొట్టాయి. 2006లో దుకాణాలన్నీ మెట్రో అనే ఇక్కడి వ్యాపార సంస్థకు అమ్మేసి వెళ్లిపోయింది.

ఆ కుర్చీ దగ్గరకు మళ్లీ వస్తాను. కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల్లో పనిచేసేవారు కూర్చునే హక్కు కోసం చట్టాన్ని సవరించాయి. అంటే అప్పటిదాకా ఆ హక్కును విడిగా రాయవలసిన అవసరం ఎంత ఉందో ఆలోచించండి. హైదరాబాద్‌లో, విజయవాడలో పెద్ద బట్టల దుకాణాల్లో పొద్దుటి నుంచి రాత్రి దాకా కాళ్ల మీదే ఉండే ఆడపిల్లలను మనమందరం చూశాం. అందుకే అడుగుతున్నాను: మీ దగ్గర ఎలా ఉంది?

మంచుపూలు (మ్యూనిక్, జర్మనీ)

అన్నా, మంచి విషయం ఎత్తారు. నేను చదువుకోవడానికి వచ్చిన కొత్తలో అన్నిటికంటే వింతగా తోచింది ఆదివారం. ఊరు ఊరంతా దుకాణాలు మూత. శనివారం రాత్రి 8 దాటితే మా బవేరియాలో పాల ప్యాకెట్టు కూడా దొరకదు. పెద్ద రైల్వే స్టేషన్లలోని దుకాణాలు, పెట్రోలు బంకులు, పొద్దున కాసేపు రొట్టెల దుకాణాలు మాత్రమే తెరిచి ఉంటాయి. శనివారం సాయంత్రం ఐదింటికి సూపర్ మార్కెట్‌కు వెళ్తే మరునాటికి కరవు వస్తుందేమో అన్నట్టుగా జనం.

ఇప్పుడు నాకు ఆ ఆదివారం అంటే ఇష్టం. ఎవరికీ ఏదీ కొనే పని ఉండదు. ఇసార్ నది ఒడ్డున కుటుంబాలు కుటుంబాలే నడుస్తూ ఉంటాయి. దుకాణంలో పనిచేసే అమ్మాయి కూడా అక్కడే, తన పిల్లలతో. దేవుడిని నమ్మనివారు కూడా ఆదివారం సెలవు పోతానంటే ఒప్పుకోరు ఇక్కడ.

తూకంరాయి (న్యూజెర్సీ, అమెరికా)

ఒక అభ్యంతరం. మనం ఏది చూసినా 'ఇది వాళ్ల సంస్కృతి' అనేస్తాం. ఆదివారం మూత పడటం సంస్కృతి కాదండీ, చట్టం. 1919లో జర్మనీ రాసుకున్న వైమార్ రాజ్యాంగంలోనే ఆదివారానికి రక్షణ రాశారు. ఇప్పటి జర్మన్ రాజ్యాంగం 140వ అధికరణం ద్వారా ఆ వాక్యాన్ని అలాగే తీసుకుంది. దుకాణాల వేళల మీద 1956లో దేశమంతటికీ ఒక చట్టం చేశారు. 2006 తర్వాత ఆ అధికారం రాష్ట్రాలకు వెళ్లింది. బెర్లిన్ క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలూ దుకాణాలు తెరవవచ్చని చట్టం చేస్తే చర్చిలు కోర్టుకు వెళ్లాయి. 2009 డిసెంబర్‌లో రాజ్యాంగ న్యాయస్థానం అది చెల్లదంది. చర్చిలతో పాటు కార్మిక సంఘాలు కూడా ఆదివారం కోసం నిలబడ్డాయి. అంటే ఇది కొట్లాడి నిలబెట్టుకున్న ఏర్పాటు. 'జర్మన్లు ఇంతే' అంటే ఆ కొట్లాట చేసినవారి కష్టం మాయమైపోతుంది.

రైన్_తీరం

తూకంరాయి గారూ, మీరు చెప్పిన వివరాలతో నాకు పేచీ లేదు. కానీ చట్టం ఆకాశం నుంచి పడదు కదా. అధికారం రాష్ట్రాల చేతికి వచ్చాక చాలా రాష్ట్రాలు వారపు రోజుల్లో వేళలు పెంచాయి, ఆదివారం జోలికి మాత్రం దాదాపు పోలేదు. ఓట్లు అడిగేవారికి జనం మనసు తెలుసు. ఎవరు కొట్లాడారో, ఎందుకు గెలిచారో తెలుసుకుంటే ఆ సంస్కృతి ఇంకా బాగా అర్థమవుతుంది. మీ మాటను నేను ఇలా తీసుకుంటున్నాను: దుకాణంలో కనిపించే ప్రతి అలవాటు వెనకా ఎవరో ఒకరు దేని కోసమో పట్టుబట్టిన కథ ఉంటుంది. దాన్నే వెతుకుదాం.

స్ప్రే_గట్టు (బెర్లిన్)

సీసాల సంగతి ఎవరూ ఎత్తలేదు. నీళ్ల సీసా, కూల్ డ్రింకు డబ్బా కొంటే ధర మీద 25 సెంట్లు అదనంగా కట్టాలి. ఖాళీది తిరిగి ఇస్తే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. బీరు గాజు సీసాకైతే 8 సెంట్లు. ప్లాస్టిక్ సీసాలకు, డబ్బాలకు ఈ పద్ధతి 2003 జనవరి 1న మొదలైంది. దుకాణం లోపలే గోడలో ఒక యంత్రం ఉంటుంది. గుండ్రటి నోట్లో సీసా పెడితే అది తిప్పి చూసి, లోపలికి లాక్కుంటుంది. చివర ఒక చీటీ ఇస్తుంది. ఆ చీటీ బిల్లు దగ్గర ఇస్తే సామాను ధరలో తగ్గిస్తారు. సీసా నలిగి, దాని మీది గుర్తు కనిపించకపోతే యంత్రం తిప్పి పంపేస్తుంది, అందుకే ఎవరూ సీసాలను నలపరు.

ఇక్కడివారు పార్కులో తాగిన సీసాను చెత్తబుట్టలో వేయరు, బుట్ట పక్కన నేల మీద నిలబెట్టి వెళ్తారు. ఏరుకునేవారు చెత్తలో చేయి పెట్టనక్కర లేకుండా. మొదటిసారి చూసినప్పుడు చెత్త సరిగా వేయడం తెలియదేమో అనుకుంటాం. కారణం తెలిశాక మనసుకు ఎంతో బాగుంటుంది.

తూకంరాయి

బాగుండటం సరే, ఏరుకునేవారు ఎవరు? పింఛను చాలని ముసలివారు. అంత సంపన్న దేశంలో 70 ఏళ్ల మనిషి సీసాలు ఏరుకుంటూ ఉంటే, సీసా ఎక్కడ పెట్టాలన్న మర్యాద దగ్గర మనం ఆగిపోకూడదు.

స్ప్రే_గట్టు

ఆగిపోవద్దు, నిజమే. ఇదే బెర్లిన్‌లో 1993లో మొదటి 'టాఫెల్' మొదలైంది. దుకాణాల్లో మిగిలిన తిండిని పోగుచేసి లేనివారికి పంచే సంస్థ. ఇప్పుడు దేశమంతటా వందల ఊళ్లలో ఉన్నాయి. అవి ఉండటం మంచిది, వాటి అవసరం ఉండటం మంచిది కాదు. రెండూ ఒకే వీధిలో కనిపిస్తాయి. నేను రెండిటినీ రాస్తాను.

మనకు ఇది కొత్త పద్ధతి కూడా కాదు. గోలీ సోడా తాగి సీసా అక్కడే ఇచ్చేవాళ్లం. ఇంటికి తీసుకెళ్లాలంటే సీసాకు డబ్బు కట్టించుకునేవారు. పాత సీసాలు, పాత పేపర్లు కొనే మనిషి వీధిలోకి వచ్చేవాడు. ఆ మనిషికి మనం ఏ మర్యాద ఇచ్చామన్నదే నన్ను బాధపెడుతుంది.

కొబ్బరాకు (అమలాపురం)

నేను దేశం దాటలేదు, మీ మాటలన్నీ ఆసక్తిగా చదువుతున్నాను. మా అబ్బాయి జర్మనీలో ఉన్నాడు. అక్కడ బియ్యం సంచుల్లో కాక చిన్న చిన్న పొట్లాల్లో అమ్ముతారని చెప్పాడు. నిజమేనా?

మంచుపూలు

నిజమేనండి. అరకిలో అట్టపెట్టె, లోపల 125 గ్రాముల పొట్లాలు నాలుగు. పొట్లానికి సన్నటి రంధ్రాలు ఉంటాయి. దాన్ని విప్పకుండా అలాగే మరిగే నీళ్లలో వేస్తారు, ఉడికాక పైన ఉన్న చెవి పట్టుకుని బయటికి తీసి నీళ్లు కారనిస్తారు. ఒక పొట్లం ఒక మనిషికో ఇద్దరికో. కూరకు, మాంసానికి పక్కన పెట్టుకునే వస్తువు అన్నం వీళ్లకు. అదే రొట్టెల దగ్గరకు వెళ్లండి, రై అనే ధాన్యం పిండివి, గోధుమవి, పొద్దుతిరుగుడు గింజలు అద్దినవి, పులిపిండితో చేసినవి, ఒక్కో దుకాణంలో ఇరవై ముప్పై రకాలు. జర్మన్ రొట్టె సంప్రదాయాన్ని 2014లో దేశ సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చారు. రాత్రి భోజనం చాలా ఇళ్లలో వండరు. రొట్టె, వెన్న, చీజ్, చల్లటి మాంసం ముక్కలు, అంతే. మీ అబ్బాయి 5 కిలోల సోనామసూరి కోసం భారతీయ దుకాణానికో, ఆసియా దుకాణానికో వెళ్తూ ఉంటాడు.

తోకలేని_పిట్ట (ఒసాకా, జపాన్)

బియ్యం మాట వచ్చింది కాబట్టి నేనూ కలుస్తాను. జపాన్ గురించి చాలా చెప్పాలని ఉంది, కొంచెం పొడవు అవుతుంది.

ఇక్కడ కూరగాయల వరుసలో నన్ను మొదట ఆపేసింది పావు క్యాబేజీ. క్యాబేజీని నాలుగు ముక్కలు కోసి, ఒక్కో ముక్కకు పలచటి పొర చుట్టి అమ్ముతారు. గుమ్మడికాయ పావు ముక్క. క్యారెట్ ఒక్కటే. చేప ముక్క ఒక్కటే. పొదుపు కోసమేమో అనుకున్నాను. అది కొంతే. 2020 జనగణన ప్రకారం ఇక్కడి ఇళ్లలో 38 శాతం ఒక్కరే ఉండేవి. జనాభాలో పదిమందిలో దాదాపు ముగ్గురు 65 దాటినవారు. దేశం వయసు మీద పడుతోందని పత్రికల్లో చదివితే ఒక లెక్కలా ఉంటుంది. పావు క్యాబేజీని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూస్తున్న బామ్మగారి పక్కన నిలబడితే వేరేలా ఉంటుంది.

సాయంత్రం పొద్దుపోయాక వండిన తిండి మీద, చేపల మీద తగ్గింపు చీటీలు అంటిస్తారు. ముందు కొంచెం, మూసే వేళకు సగం ధర. చీటీలు అంటించే ఉద్యోగి వచ్చేసరికి నలుగురైదుగురు కాస్త దూరంలో ఏదో చూస్తున్నట్టు నిలబడతారు. ఆయన పక్కకు జరిగాకే ముందుకు వస్తారు. ఎవరూ చేయి అడ్డం పెట్టరు.

ఇంకొకటి. పాల ప్యాకెట్లు కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? వెనక వరుసలోకి చేయి పోనిచ్చి, తాజా తేదీ ఉన్నది లాగుతాం. ఇక్కడ 2021 నుంచి ప్రభుత్వం, ఒకే పేరుతో ఊరూరా ఉండే చిన్న దుకాణాల సంస్థలు కలిసి ఒక ప్రచారం చేస్తున్నాయి: వెంటనే తినేదైతే ముందున్నదే తీసుకోండి అని. అర దగ్గర చిన్న కాగితం అంటించి ఉంటుంది. బలవంతం లేదు, జరిమానా లేదు. పాత తేదీ ఉన్నది ఎవరూ తీసుకోకపోతే రాత్రికి చెత్తలోకి పోతుంది, ఆ నష్టం అందరిదీ అని చెబుతున్నారు, అంతే. నేను వెనక నుంచి తీయడం మానేశాను.

ఇక బియ్యం. సంచి మీద రకం పేరు, పండిన జిల్లా, మర పట్టిన తేదీ లేదా కాలం ఉంటాయి. 2025 వసంతంలో 5 కిలోల సంచి సగటు ధర 4,000 యెన్లు దాటింది. అంతకు ముందు ఏడాది దాదాపు అందులో సగం ఉండేది. ప్రభుత్వం అత్యవసర నిల్వలు బయటికి తీసింది. ఆ సమయంలోనే వ్యవసాయ మంత్రి తకు ఎతో, తానెప్పుడూ బియ్యం కొనలేదని, మద్దతుదారులు తెచ్చి ఇస్తుంటారని ఒక సభలో అన్నారు. జనం కోపం ఎంత దూరం పోయిందంటే, మే నెలలో ఆయన పదవి వదులుకోవలసి వచ్చింది. రొట్టెలు, నూడుల్స్ తినేవారు పెరిగి, బియ్యం వాడకం దశాబ్దాలుగా తగ్గుతూ వస్తున్న దేశం ఇది. అయినా బియ్యం గురించి తేలిగ్గా మాట్లాడితే ఊరుకోలేదు.

కొబ్బరాకు

అమ్మా, ఇది చదువుతుంటే 1983 గుర్తొచ్చింది. కిలో రెండు రూపాయల బియ్యం అని ఎన్.టి. రామారావు గారు ఇచ్చిన మాట మా ఊళ్లో ఇంటింటా వినిపించింది. బియ్యం తినే దేశాల్లో బియ్యంతోనే ప్రభుత్వాలు వస్తాయి, పోతాయి. జపాన్‌వారు మనకు ఇంత దగ్గరవారని అనుకోలేదు.

ఎడారి_మల్లె (కువైట్)

నమస్కారం. మాది రాయచోటి వైపు. ఇక్కడ ఒక ఇంట్లో డ్రైవరుగా పనిచేస్తున్నాను. మా వైపు నుంచి వచ్చిన ఆడవారు, మగవారు వేలల్లో ఉన్నారు, ఎక్కువమంది ఇళ్లలో పని. దుకాణం గురించి ఎప్పుడూ ఇలా ఆలోచించలేదు, కానీ చెప్పవలసింది ఉందనిపించింది.

కువైట్‌లో ప్రతి పేటకూ ఒక సహకార సంఘం ఉంటుంది, దాన్ని 'జమియా' అంటారు. 1962లో కైఫాన్ అనే పేటలో మొదలైంది. పేట మధ్యలో పెద్ద సూపర్ మార్కెట్, దాని చుట్టూ రొట్టెల బట్టీ, మందుల షాపు, బట్టలు ఉతికే షాపు, మంగలి షాపు. ఆ పేటలో ఉండే కువైటీలే వాటాదారులు. బిల్లు కట్టేటప్పుడు తమ వాటా సంఖ్య చెబుతారు. ఏడాది చివర, కొన్నదాన్ని బట్టి లాభంలో వాటా వస్తుంది. పాలకవర్గానికి ఎన్నికలు జరుగుతూ వచ్చాయి, పోటీ గట్టిగానే ఉండేది. అన్నీ కొనగల సంపన్నులు, అయినా పేటంతా కలిసి ఒకే దుకాణాన్ని నడుపుకుంటారు. ఇది నాకు చాలా నచ్చిన విషయం.

సామాను మోసేది, అర మీద సర్దేది, బిల్లు కొట్టేది, కారు నడిపేది ఎక్కువగా మాలాంటి బయటివారమే. మేము సభ్యులం కాలేం. నేను బండి తోసుకుంటూ, పనిచేసే ఇంటి అమ్మగారి వాటా సంఖ్య చెబుతాను, అది నాకు నోటికి వచ్చు. ఎవరు లోపలివారో, ఎవరు బయటివారో ఆ బిల్లు దగ్గర స్పష్టంగా తెలుస్తుంది. ఫిర్యాదుగా చెప్పడం లేదు, ఉన్నది చెబుతున్నాను.

మాకు మా దుకాణం ఉంది. వీధి మూల 'బకాలా', చిన్న కిరాణా. నడిపేవారిలో చాలామంది కేరళవారు, బంగ్లాదేశ్‌వారు. జీతం ఆలస్యమైతే పుస్తకంలో రాసుకుంటారు. ఫోను కార్డు, పెరుగు, గుడ్లు, పచ్చిమిరప. అక్కడ నిలబడితే నాలుగు భాషలు వినిపిస్తాయి, మన భాషతో సహా.

రంజాన్ వస్తోందని క్యాలెండరు చూడనక్కర లేదు. జమియాలో విమ్టో సీసాలు గుమ్మటంలా పేర్చేస్తారు. అది 1908లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో పుట్టిన పానకం. గల్ఫ్ అంతటా ఉపవాసం విడిచేటప్పుడు అదే తాగుతారు. ఖర్జూరం, హరీస్ అనే మాంసం జావ కోసం గోధుమలు, పెద్ద పెద్ద బియ్యం సంచులు ఇళ్లకు చేరతాయి. మా అమ్మగారి ఇంట్లో ఆ నెలంతా పక్కింటికి పళ్లేలు పంపడం, పక్కింటి పళ్లేలు రావడం. మా వంటగదికి కూడా ఒక పళ్లెం వస్తుంది.

రైన్_తీరం

ఎడారి_మల్లె అన్నా, నేను అడిగిన ప్రశ్నకు ఇంతకన్నా మంచి జవాబు రాదేమో. వాటా సంఖ్య ఎవరిది, బండి ఎవరు తోస్తున్నారు అన్న మీ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మీరు తరచూ రాయండి.

నీలి_కుండ (డల్లాస్, అమెరికా)

అమెరికా సంగతి ఎవరో ఒకరు చెప్పాలి కదా. ఇక్కడి దుకాణం పరిమాణం, గాలన్ పాలు, ఉదయపు అల్పాహారపు డబ్బాలతో నిండిన వరుస, ఇవన్నీ అందరూ రాసినవే, వదిలేస్తాను. తూకంరాయి గారు అన్నట్టు నియమాల వెనక ఏముందో చూద్దాం. ఆదాయం తక్కువ ఉన్నవారికి ప్రభుత్వం కిరాణా కోసం 'స్నాప్' కార్డు ఇస్తుంది. 2024లో నెలకు 4 కోట్ల మందికి పైగా దాని మీద ఆధారపడ్డారు. దాంతో పచ్చి కోడిమాంసం కొనవచ్చు, చల్లటి శాండ్‌విచ్ కొనవచ్చు. అదే దుకాణంలో వేడిగా కాల్చి పెట్టిన కోడిని మాత్రం సాధారణంగా కొనలేరు. వేడి తిండికి ఆ కార్డు చెల్లదు. రెండు షిఫ్టులు చేసి వచ్చిన తల్లి ఇంటికి వెళ్లి వండుకోవాలి తప్ప, సిద్ధంగా ఉన్నది తీసుకెళ్లకూడదన్నమాట. సాయం చేస్తూనే అనుమానంగా చూడటం ఇది. నా ముందు వరుసలో ఒకామె కార్డు గీసి, ఒక వస్తువు పక్కన పెట్టేసినప్పుడు ఆమె మొహం చూడలేకపోయాను.

రెండోది మన గురించి. 2023 జులై 20న భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని ఆపేసింది. మరునాటి నుంచి ఇక్కడి భారతీయ దుకాణాల్లో తెలుగువారు బారులు తీరారు. 20 పౌండ్ల సోనామసూరి సంచులు బండ్ల నిండా. కొన్ని దుకాణాలు కుటుంబానికి ఒక సంచే అని కాగితం అంటించాయి. ఆ వీడియోలు ఊరంతా తిరిగాయి, నవ్వనివారు లేరు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇల్లు, కారు, ఉద్యోగం, పిల్లల మాట తీరు, అన్నీ ఈ దేశానివి అయిపోయాక మిగిలింది ఆ కంచంలోని అన్నమే. అది కూడా పోతుందేమో అన్న భయం అది.

తూకంరాయి

నీలి_కుండ అమ్మా, భయం అర్థమవుతుంది. అయినా పది సంచులు తీసుకెళ్లినవారి వెనక ఖాళీ చేతులతో తిరిగి వెళ్లిన విద్యార్థులు కూడా తెలుగువారే. పైన జపాన్ సోదరి రాసిన 'ముందున్నదే తీసుకోండి' చదివినప్పుడు నాకు ఆ బారులే గుర్తొచ్చాయి. ఆ నిషేధాన్ని 2024 సెప్టెంబర్‌లో ఎత్తేశారు. మధ్యలో ఉప్పుడు బియ్యం వస్తూనే ఉంది, బాస్మతి వస్తూనే ఉంది. ఆకలి సమస్య ఎప్పుడూ రాలేదు. మనకు కావలసింది మన బియ్యమే, అది వేరే సంగతి. నేను దాన్ని తప్పు పట్టను, పక్కవారికి ఒక సంచి వదలకపోవడాన్ని పడతాను.

నీలి_కుండ

ఒప్పుకుంటానండి. మా వీధిలో ముగ్గురం కలిసి రెండు సంచులు పంచుకున్నాం, అలా చేసినవారు కూడా చాలామంది ఉన్నారని చెప్పడం కూడా న్యాయం.

పొగడపూలు (లియోన్, ఫ్రాన్స్)

చిన్న మాట. ఇక్కడి సంతలో కర్బూజా అడిగితే అమ్మే మనిషి తిరిగి ఒక ప్రశ్న వేస్తాడు: ఈ పూటకా, రేపటికా? జవాబును బట్టి పండు ఎంచి ఇస్తాడు. తొడిమ దగ్గర వాసన చూసి, బొటనవేలితో అడుగున నొక్కి, 'ఇది రాత్రి భోజనానికి' అంటాడు. కామంబేర్ చీజ్‌కు కూడా అదే ప్రశ్న. పండు ఎంచడం అమ్మేవాడి విద్య, దాన్ని గౌరవించాలి. మనమే చేయి పెట్టి ఏరుకోబోతే చాలామందికి కోపం వస్తుంది.

మిగిలిన తిండి మాటకొస్తే, ఫ్రాన్స్ 2016లో చట్టం చేసింది. 400 చదరపు మీటర్లు దాటిన దుకాణాలు తినదగిన తిండిని పనికిరాకుండా పాడుచేసి పారేయకూడదు, సేవా సంస్థలతో ఒప్పందం చేసుకుని ఇవ్వాలి. అంతకు ముందు కొన్నిచోట్ల చెత్తడబ్బాలోని తిండి మీద బ్లీచింగ్ పోసేవారు, ఎవరూ ఏరుకుని తినకుండా. బెర్లిన్‌లో బుట్ట పక్కన సీసా నిలబెట్టడం గురించి చదివాక ఇది చెప్పాలనిపించింది.

గట్టుమీద_గాలి (బొలోన్యా, ఇటలీ)

ఇటలీలో ఇంకో అడుగు ముందుకు. సూపర్ మార్కెట్లో పండ్లు ముట్టుకునే ముందు పలచటి ప్లాస్టిక్ తొడుగు చేతికి వేసుకోవాలి. వేసుకోకపోతే పక్కన ఉన్న పెద్దావిడ నిర్మొహమాటంగా చెబుతుంది. వస్తువు తూకం మనమే వేసి, దాని సంఖ్య నొక్కి, చీటీ అంటించుకోవాలి.

కొబ్బరాకు

తొడుగులా! మా దగ్గర బెండకాయ కొన తుంచి, టప్పున విరిగితేనే లేతదని తీసుకుంటాం. వంకాయను నొక్కి చూస్తాం, కొబ్బరికాయను చెవి దగ్గర ఊపి చూస్తాం. మన చేతికీ చెవికీ తెలియందే బేరం లేదు. 1999లో రైతు బజార్లు మొదలయ్యాక ధరల పట్టిక బోర్డు మీద రాసిపెట్టడం అలవాటైంది, బేరం తగ్గింది. కానీ కొసరు పోలేదు. కిలో టమాటాలు తూచాక రెండు కాయలు ఎక్కువ వేస్తారు. కరివేపాకు రెబ్బలు, నాలుగు కొత్తిమీర కాడలు ఊరికే వేస్తారు. వేయకపోతే 'అమ్మా, కరివేపాకు' అని చేయి చాపి అడుగుతాం. ఇదే మా ఊరి దుకాణం గురించి బయటివారికి నేను చెప్పేది.

మంచుపూలు

బాబాయ్ గారూ, కొసరు జర్మనీలో కూడా ఉంది! మాంసం కౌంటర్ దగ్గర తల్లితో వచ్చిన చిన్నపిల్లలకు అమ్మే ఆవిడ గుండ్రటి సాసేజ్ ముక్క ఒకటి చేతిలో పెడుతుంది. పిల్లాడి వయసు బట్టి కాదు, ఎత్తు బట్టి ఇస్తారేమో అనిపిస్తుంది: కౌంటర్ పైకి తల కనిపిస్తే ఇక రాదు. ఇక్కడ పెరిగిన ఏ స్నేహితురాలిని అడిగినా ఆ ముక్క రుచి చెబుతుంది. నేను మాంసం తినను, అయినా ఆ దృశ్యం కోసం అక్కడ కాసేపు ఆగుతాను.

స్ప్రే_గట్టు

బిల్లు దగ్గర సెంటు తేడా రానివ్వని చోట ఆ ముక్కకు లెక్క లేదు. బాగా గుర్తు చేశారు.

కొబ్బరాకు

అయితే మా అబ్బాయి దగ్గరకు వెళ్లవలసిందే. వచ్చే వేసవిలో నేనూ, మా ఇంటావిడా బయలుదేరుతున్నాం. ఆవకాయ, నెయ్యి, పాలకోవా, కరివేపాకు, కొబ్బరికాయలు తీసుకెళ్లాలని ఆవిడ జాబితా రాసింది. రానిస్తారా?

రైన్_తీరం

బాబాయ్ గారూ, నెయ్యి, పాలకోవా పెట్టకండి. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి పాలతో చేసినవి, మాంసంతో చేసినవి ప్రయాణికులు తేకూడదు, విమానాశ్రయంలో తీసి పారేస్తారు. పచ్చి ఆకులకు, కాయలకు, కూరగాయలకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, కాబట్టి కరివేపాకు కూడా వద్దు. ఆ నియమం నుంచి మినహాయింపు ఉన్న పండ్లు ఐదే: అనాస, అరటి, కొబ్బరి, ఖర్జూరం, దూరియాన్. అంటే మీ కొబ్బరికాయలు రావచ్చు. ఆవకాయ జాడీ మూతకు రెండు చుట్లు టేపు వేసి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, చెక్-ఇన్ పెట్టెలోనే సర్దమనండి. నెయ్యి గురించి బెంగ వద్దు. ఇక్కడి వెన్న చాలా బాగుంటుంది, పిన్నిగారు వచ్చాక కాచుకోవచ్చు.

మంచుపూలు

మ్యూనిక్ వైపు వస్తే శనివారం సాయంత్రం ఏడు లోపు ఫోను చేయండి బాబాయ్, దుకాణం మూసేలోపు పాలు, కూరగాయలు తెచ్చి ఉంచుతాను.

కొబ్బరాకు

అలాగేనమ్మా. జాబితా తిరగరాయమని చెప్పాను. నెయ్యి కొట్టేసి, ఆ బరువుకు కందిపొడి రాసింది.